ఆకు లోపలి అతిథులు: మందు కోసం, ఇంధనం కోసం సాగిన ఒక అన్వేషణ

ఏ మచ్చా లేని పచ్చటి వేపాకు ఒకటి కోసి, శుభ్రంగా కడిగి, కాసేపు ఆల్కహాలులోనూ, మరికాసేపు బ్లీచింగు ద్రావణంలోనూ ముంచి తీస్తే దాని పైభాగంలో ఉన్న సూక్ష్మజీవులన్నీ చచ్చిపోతాయి. ఆ ఆకును చిన్న ముక్కలుగా కోసి, పోషకాలు కలిపిన అగర్ మీద పేర్చి వదిలేస్తే, కొన్ని రోజులకు కోసిన అంచుల నుంచి తెల్లని, బూడిదరంగు పోగులు బయటకు పాకుతాయి. అవి గాలిలోంచి వచ్చి పడినవి కావు. ఆకు పచ్చగా ఉన్నంతకాలమూ దాని కణాల నడుమ నివసిస్తున్న శిలీంధ్రాలు. ఇంతవరకు పరీక్షించిన మొక్కల్లో దాదాపు అన్నింటిలోనూ ఇటువంటి అతిథులు కనిపించాయి.

ఈ అతిథులు గత నలభై, యాభై ఏళ్ళలో శాస్త్రలోకంలో పెద్ద ఆశలు రేపాయి. క్యాన్సరు మందును చెట్లు నరకకుండా జాడీల్లో తయారు చెయ్యవచ్చన్నది ఒక ఆశ. డీజిలును గనులనుంచి కాక బూజునుంచి పిండవచ్చన్నది మరొకటి. ఆ ఆశల్లో నెరవేరినవేవో, నెరవేరనివేవో, ఎందుకో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ చరిత్ర పొడుగునా ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది: ఒక చెట్టులో దొరికిన పదార్థాన్ని నిజంగా తయారు చేసినది చెట్టా, చెట్టులో ఉన్నదా?

పేరు, తొలి అనుమానాలు

మొక్క కణజాలంలో ఉంటూ, పైకి కనిపించే జబ్బేదీ కలిగించకుండా బతికే జీవులను ఎండోఫైట్లు అంటారు. తెలుగులో అంతర్వాసులు అనవచ్చు. 1866లో ఈ మాటను వాడుకలోకి తెచ్చినవాడు జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆంటోన్ డి బారీ. బంగాళాదుంప పంటను నాశనం చేసిన తెగులుకు కారణం ఒక సూక్ష్మజీవి అని ప్రయోగపూర్వకంగా నిరూపించినవాడు కూడా ఆయనే. భిన్నజాతుల జీవులు కలిసి బతకడాన్ని 'సహజీవనం' అనే భావనగా 1879లో నిర్వచించినదీ ఆయనే. ఒక జీవి లోపల మరొక జీవి ఉన్నంతమాత్రాన అది రోగమే కానక్కర్లేదన్న ఎరుక ఆ నిర్వచనంలో ఉంది.

అయితే చాలాకాలంపాటు ఎండోఫైట్లు వృక్షశాస్త్రజ్ఞుల కుతూహలానికే పరిమితమయ్యాయి. గోధుమ పొలాల్లో కలుపుగా పెరిగే ఒక గడ్డి గింజలు పిండిలో కలిస్తే, తిన్నవారికి కళ్ళు తిరిగి మత్తు కమ్ముతుందని ఐరోపా రైతులకు ఏనాటినుంచో తెలుసు. ఆ గడ్డి శాస్త్రీయనామం లోలియం టెమ్యులెంటం. రెండో మాటకు లాటిన్‌లో 'తాగినమత్తు' అని అర్థం. 1898లో ఫోగ్ల్ అనే పరిశోధకుడు ఆ గింజల పొరలో శిలీంధ్రపు పోగులను చూశాడు. మత్తు గడ్డిదా, దానిలోని బూజుదా అన్న సందేహానికి అక్కడే బీజం పడింది. ఆ సందేహం లోతుగా పరిశోధించదగిన సమస్యగా మారడానికి మరో ఎనభై ఏళ్ళు పట్టింది. దానిని ముందుకు తెచ్చినవి పశువులు.

కెంటకీ గడ్డి నేర్పిన పాఠం

1931లో కెంటకీ విశ్వవిద్యాలయానికి చెందిన ఫెర్గస్ అనే ఆచార్యుడు కొండవాలులోని ఒక పొలంలో, ఎండలనూ చలినీ తట్టుకుని ఏపుగా నిలిచిన టాల్ ఫెస్క్యూ గడ్డిని చూసి విత్తనం తెచ్చాడు. 'కెంటకీ 31' అన్న పేరుతో 1943లో విడుదలైన ఆ రకం అమెరికా తూర్పు, దక్షిణ రాష్ట్రాల్లో కోట్లాది ఎకరాలకు వ్యాపించింది. పచ్చిక చూడటానికి బ్రహ్మాండంగా ఉంది, కాని మేసిన పశువులు బాగుపడలేదు. వేసవిలో రొప్పేవి, బరువు పెరిగేవి కావు. చలికాలంలో కొన్నింటి గిట్టలు కుళ్ళేవి. గడ్డిని రసాయనికంగా పరీక్షించిన వారికి ఏళ్ళతరబడి సరైన సమాధానం దొరకలేదు.

1977లో జార్జియాలో పనిచేస్తున్న అమెరికా వ్యవసాయశాఖ పరిశోధకుడు చార్ల్స్ బేకన్, ఆయన సహచరులు ఈ విషానికీ గడ్డి లోపల ఉన్న శిలీంధ్రానికీ సంబంధం ఉందని చూపారు. ఆ శిలీంధ్రం గడ్డి బయటకు రాదు. గింజలో చేరి ఒక తరం నుంచి మరో తరానికి వారసత్వంగా వెళ్తుంది. అది తయారు చేసే ఎర్గాట్ కోవకు చెందిన ఆల్కలాయిడ్లు పశువుల రక్తనాళాలను బిగదీస్తాయి.

పరిష్కారం తేలికే అనిపించింది. అతిథిని వెళ్ళగొడితే సరి! శిలీంధ్రం లేని విత్తనాలు 1980లలో మార్కెట్టులోకి వచ్చాయి. పశువులు కోలుకున్నాయి గాని పచ్చికబయళ్ళు పలచబడ్డాయి. వర్షాభావానికి, పురుగులకు, ఎడతెగని మేతకు ఆ గడ్డి నిలవలేకపోయింది. రైతులు మెచ్చుకున్న ఆ మొండితనంలో పెద్ద వాటా గడ్డిది కాదని, దానిలోని అతిథిదని అప్పుడు తేలింది. చివరికి న్యూజీలాండ్, జార్జియా పరిశోధకులు పశువులకు విషమయ్యే ఆల్కలాయిడ్లను తయారుచెయ్యని సహజ శిలీంధ్రాలను వెదికి, వాటిని గడ్డిలో ప్రవేశపెట్టారు. ఎండోఫైట్ల చరిత్రలో ఆర్థికంగా నిలదొక్కుకున్న విజయాలలో ఇది ఒకటి. ఇందులో అతిథిని ఇంటినుంచి విడదియ్యలేదని గమనించాలి. తక్కిన కథకు ఈ సంగతి అవసరం.

మట్టినుంచి చెట్టుకు

1940లలో మందుల వేట ప్రధానంగా మట్టిలో సాగింది. న్యూయార్కు రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు మన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వం వహిస్తున్న రోజుల్లో, బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు మిస్సోరీ విశ్వవిద్యాలయపు ప్రయోగక్షేత్రం మట్టినుంచి వేరుచేసిన సూక్ష్మజీవిలో ఆరియోమైసిన్ దొరికింది. దానిని లోకానికి ప్రకటించినది 1948లో. మట్టిలోని జీవి జాడీలో హాయిగా పెరుగుతుంది, కావలసిన పదార్థాన్ని లీటర్లకొద్దీ ఇస్తుంది. ఔషధ పరిశ్రమ ఆ నమూనాకు అలవాటుపడింది.

1960లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ, వ్యవసాయశాఖతో కలిసి, మొక్కల్లో క్యాన్సరు మందులను వెదికే భారీ కార్యక్రమాన్ని ఆరంభించింది. 1962 ఆగస్టులో ఆర్థర్ బార్క్‌లే అనే వృక్షశాస్త్రజ్ఞుడు వాషింగ్టన్ రాష్ట్రపు అడవిలో పసిఫిక్ యూ చెట్టు బెరడును సేకరించాడు. ఆ నమూనా నార్త్ కరొలైనాలోని రీసెర్చ్ ట్రయాంగిల్ సంస్థలో మన్రో వాల్, మన్సుఖ్ వాణి అనే ఇద్దరు రసాయనశాస్త్రజ్ఞుల చేతికి వెళ్ళింది. వాణి మహారాష్ట్రలోని నందుర్బార్‌లో పుట్టి, బొంబాయిలో చదివి, ఉన్నతవిద్యకు అమెరికా వచ్చిన వ్యక్తి. వాళ్ళు వేరుచేసిన టాక్సాల్ నిర్మాణం 1971లో వెలువడింది. 1979లో సూసన్ హార్విట్స్ అది కణంలోని సూక్ష్మనాళికలను బిగించి, కణవిభజనను ఆపేస్తుందని చూపింది. 1992 డిసెంబరులో అండాశయ క్యాన్సరుకు మందుగా దానికి అనుమతి లభించింది.

మందు దొరికింది, కాని చెట్టు చాలలేదు. యూ చెట్టు అతి నెమ్మదిగా పెరుగుతుంది. ఎండు బెరడులో టాక్సాల్ పాలు పదివేలకు ఒకటి నుంచి మూడు వంతులే. ఒక్క రోగికి సరిపడే మందుకు నూరేళ్ళ వయసున్న చెట్లు రెండు మూడు బలి కావాలని ఆనాటి లెక్క. బెరడు ఒలిస్తే చెట్టు చస్తుంది. ఒకవైపు ప్రాణం కోసం ఎదురుచూసే రోగులు, మరోవైపు పసిఫిక్ తీరపు ప్రాచీన అరణ్యాలు. ఈ రెండింటి నడుమ ఎవరి పక్షం వహించినా అన్యాయమే అనిపించే పరిస్థితి ఏర్పడింది.

రెండు కోట్ల లీటర్ల జాడీ

1993 ఏప్రిల్‌లో 'సైన్స్' పత్రికలో మోంటానా పరిశోధకులు ఆండ్రియా స్టియర్లీ, గ్యారీ స్ట్రోబెల్, డొనాల్డ్ స్టియర్లీ ఒక చిన్న పత్రం ప్రచురించారు. మోంటానాలోని ఒక యూ చెట్టు బెరడు లోపలి శిలీంధ్రాన్ని విడిగా పెంచితే, అది కూడా టాక్సాల్‌ను తయారు చేస్తోందన్నది దాని సారాంశం. ఆండ్రియా పేరుమీద దానికి టాక్సోమైసిస్ ఆండ్రియానే అని నామకరణం జరిగింది.

ఒకే పదార్థాన్ని మొక్క, బూజు రెండూ తయారు చెయ్యడం అసంభవమేమీ కాదు. జపాను శాస్త్రజ్ఞులు వరిని విపరీతంగా సాగదీసే తెగులును పరిశీలిస్తూ, 1926 తర్వాతి దశాబ్దంలో ఒక శిలీంధ్రంలో కనిపెట్టిన జిబ్బరెల్లిన్లు మొక్కల్లోనూ సహజంగా ఉంటాయని 1950లలో తెలిసింది. కాబట్టి యూ చెట్టు విషయంలోనూ అలా జరిగి ఉండవచ్చునన్న ఊహ సమంజసమే. అది నిజమైతే చెట్టును నరకనక్కర్లేదు, బూజును పెంచితే చాలు.

ఇక్కడ అంకెలను జాగ్రత్తగా చదవాలి. ఆ శిలీంధ్రం లీటరుకు ఇచ్చిన టాక్సాల్ 24 నుంచి 50 నానోగ్రాములు. ఎక్కువ అంకెనే తీసుకున్నా, ఒక్క గ్రాము కోసం రెండు కోట్ల లీటర్ల ద్రవంలో దానిని పెంచాలి. 1996లో స్ట్రోబెల్ బృందం హిమాలయాల యూ చెట్టులోని మరొక శిలీంధ్రం లీటరుకు 60 నుంచి 70 మైక్రోగ్రాములు ఇస్తోందని ప్రకటించింది. వెయ్యిరెట్లకు పైగా మెరుగు. అయినా గ్రాముకు పద్నాలుగు వేల లీటర్లకు పైమాటే. అదీగాక తిరిగి తిరిగి నాటి పెంచినకొద్దీ ఇటువంటి శిలీంధ్రాలు టాక్సాల్ ఇవ్వడం తగ్గించి, చివరకు మానేస్తున్నట్టు అనేక ప్రయోగశాలల్లో కనిపించింది.

2013లో జర్మనీకి చెందిన హైనిగ్, షోల్జ్, యెన్నెవైన్ ఈ చిక్కుముడిని జన్యుస్థాయిలో విప్పబోయారు. టాక్సోమైసిస్ జన్యురాశిని చదివారు. టాక్సాల్ తయారీకి యూ చెట్టు వాడే జన్యువులకు సాటివచ్చేవి అందులో కనిపించలేదు. ఆ శిలీంధ్రం టాక్సాల్‌ను స్వతంత్రంగా తయారు చేస్తోందనడానికి తమకు ఆధారం దొరకలేదని వారు ప్రకటించారు. మరైతే మొదట కనిపించిన నానోగ్రాముల సంగతేమిటి? చెట్టునుంచి వచ్చేటప్పుడు పోగులకు అంటుకువచ్చిన మిగులు కావచ్చునన్నది ఒక వివరణ. ఇంటినుంచి వెళ్ళేటప్పుడు అతిథి జేబులో మిగిలిన చిల్లర అన్నమాట. చర్చ అంతటితో ముగియలేదు. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో వేరొక యూ శిలీంధ్రాన్ని చూపి, బెరడు పగిలిన చోట అది టాక్సాల్‌ను మోసుకువచ్చి, కలపను కుళ్ళబెట్టే ఇతర శిలీంధ్రాలకు అడ్డుగోడ కడుతోందన్నారు. మనం క్యాన్సరుకు మందు అనుకునేది, చెట్టు దృష్టిలో బూజును చంపే మందు.

యూ చెట్లను కాపాడినది మాత్రం బూజు కాదు. ఐరోపా యూ చెట్టు ఆకుల్లో దొరికే సన్నిహిత పదార్థాన్ని టాక్సాల్‌గా మార్చే పద్ధతికి ఫ్రాన్సులో పియర్ పొటియే, ఫ్లోరిడాలో రాబర్ట్ హోల్టన్ దారి వేశారు. ఆకులు కోస్తే మళ్ళీ చిగురిస్తాయి. తర్వాత చెట్టు కణాలనే తొట్టెల్లో పెంచే పద్ధతి వచ్చింది. కొరత తీరింది.

పడమటి కనుమల్లో అదే కథ

వాల్, వాణి 1966లో మరొక మందును కూడా వెలికితీశారు. చైనాకు చెందిన కాంప్టోథెకా అనే చెట్టులోని కాంప్టోథెసిన్ అది. దానినుంచి రూపొందిన రెండు క్యాన్సరు మందులకు 1996లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఈ పదార్థం మన పడమటి కనుమల్లోని ఒక చిన్న చెట్టులో మరింత పుష్కలంగా ఉందని 1972లోనే గోవిందాచారి, విశ్వనాథన్ తెలియజేశారు. మహారాష్ట్రలో ఆ చెట్టును 'నరక్య' అంటారు. దాని పాత శాస్త్రీయనామంలోని 'ఫోటిడా' అన్న మాట దుర్గంధాన్ని సూచిస్తుంది. ప్రపంచంలో గిరాకీ పెరిగాక ఆ దుర్గంధమూ చెట్టును రక్షించలేకపోయింది. ఎగుమతి కోసం విచ్చలవిడిగా నరికివెయ్యడంతో అనేకచోట్ల అది అరుదైపోయింది.

2005లో భారత, జర్మన్ పరిశోధకులు నరక్యలోని ఒక శిలీంధ్రం కాంప్టోథెసిన్ తయారు చేస్తోందని ప్రకటించినప్పుడు, యూ చెట్టునాటి ఆశలే మళ్ళీ చిగురించాయి. 2009లో సౌవిక్ కుసారి, మైకేల్ స్పిటెలర్, వారి సహచరులు చైనా చెట్టులోని ఫ్యుజేరియం సొలాని అనే శిలీంధ్రంలోనూ దానిని చూశారు. తరవాత రెండేళ్ళకు అదే బృందం ప్రకటించిన ఫలితం ఈ చరిత్రలో అతి విలువైనదని నా అభిప్రాయం. శిలీంధ్రాన్ని తరంతరంగా జాడీలో పెంచినకొద్దీ మందు తగ్గిపోతూ వచ్చింది. కారణం వెదికితే, ఆ పదార్థం తయారీకి కావలసిన మెట్లలో కొన్నింటికి మాత్రమే శిలీంధ్రం దగ్గర జన్యువులున్నాయి. నడుమ కీలకమైన ఒక మెట్టుకు అవసరమైన ఎంజైము దానికి లేదు. దానిని చెట్టునుంచి అరువు తెచ్చుకుంటోందని వారి నిర్ణయం.

ఈ నిర్ణయం సరైనదైతే, 'చెట్టా, బూజా?' అన్న మన ప్రశ్నే తప్పుగా వేసుకున్నామన్నమాట. కొన్ని పదార్థాలు ఆ రెంటి సాంగత్యంలో మాత్రమే పుడతాయి. మట్టిజీవిని జాడీలో పెంచినంత సులువుగా, చెట్టులోని జీవిని జాడీలో పెంచి అదే ఫలితం ఆశించడం మట్టి యుగంనుంచి మనం మోసుకొచ్చిన అలవాటు.

బూజు డీజిలు

ఇంధనం కథ స్ట్రోబెల్ దగ్గరే మొదలవుతుంది. హోండురాస్‌లోని ఒక దాల్చిన చెట్టు కొమ్మనుంచి ఆయన మస్కోడార్ ఆల్బస్ అనే తెల్లటి శిలీంధ్రాన్ని వేరు చేశారు. అది విడిచే ఆవిరి దగ్గరలోని ఇతర శిలీంధ్రాలనూ, బాక్టీరియాలనూ చంపేస్తుంది. ఆ విషపుటావిరిని జల్లెడగా వాడి, దానిని తట్టుకుని బతికేవాటిని ఏరారు. అలా పటగోనియాలోని ఉల్మో అనే చెట్టునుంచి వచ్చిన ఒక శిలీంధ్రం మిగిలింది. అది తానుగా వదిలే ఆవిరిని పరీక్షిస్తే, అందులో డీజిలులో ఉండే హైడ్రోకార్బన్ల వంటివి ఉన్నాయని 2008లో ఆయన బృందం ప్రకటించింది. దానికి పెట్టిన పేరు 'మైకోడీజిల్', అంటే బూజు డీజిలు. పైగా ఆ శిలీంధ్రం సెల్యులోజును తినగలదు. గడ్డీ గాదమూ మేసి నేరుగా డీజిలునిచ్చే జీవి! ముడిచమురు పీపా ధర 140 డాలర్లు దాటిన సంవత్సరమది. పత్రికలు ఈ వార్తను ఎంత ఆత్రంగా అందుకున్నాయో ఊహించుకోవచ్చు.

తరవాతి పరిణామాలకు అంత ప్రచారం రాలేదు. 2010లో యేల్ విశ్వవిద్యాలయంలో ఆ శిలీంధ్రాన్ని మళ్ళీ పరీక్షించారు. గ్లయోక్లేడియం రోజియం అనుకున్నది నిజానికి ఆస్కోకొరైన్ సార్కాయిడ్స్ అని తేలింది, అది వదిలే ఆవిరి పదార్థాల పట్టికను కూడా పునఃపరిశీలించవలసి వచ్చింది. ఆ పరిశోధకుల్లో స్ట్రోబెల్ కుమారుడు స్కాట్ కూడా ఒకరు కావడం విశేషం. 2012లో దాని జన్యురాశి వెలువడింది. అదే కాలంలో కానరీ దీవుల చెట్టొకదానిలోని హైపోక్సైలాన్ అనే శిలీంధ్రం సినియోల్‌ను ఇస్తోందని 2010లో తెలిసింది. మన నీలగిరి తైలానికి ఆ ఘాటైన వాసననిచ్చేది ఇదే. దీనిని ఇంధనంలో కలపవచ్చు. ఇవన్నీ విలువైన శోధనలే. అయితే వాసనగా పట్టుబడే మోతాదుకూ, బండి నడిపే మోతాదుకూ మధ్య ఉన్న దూరం యూ చెట్టు విషయంలో నానోగ్రాముకూ గ్రాముకూ ఉన్న దూరం లాంటిదే. మైకోడీజిల్ పెట్రోలు బంకు దాకా రాలేదు.

ఇంధనానికి సంబంధించి మరింత నిలకడైన ఆలోచన చెన్నైనుంచి వచ్చింది. అక్కడి వివేకానంద ఉష్ణమండల శిలీంధ్రశాస్త్ర సంస్థకు చెందిన టి. ఎస్. సూర్యనారాయణన్, ఆయన సహచరులు 2012లో ఎండోఫైట్లను ఎంజైముల గనులుగా చూడమన్నారు. ఇందులోని తర్కం సరళమైనది. ఆకు పచ్చగా ఉన్నప్పుడు అణిగిమణిగి ఉండే అతిథి, ఆకు రాలిన మరుక్షణం దానిని కుళ్ళబెట్టేవారిలో ముందుంటుంది. లోపలే ఉంది కాబట్టి తక్కినవాటికంటే ముందు వడ్డన దానిదే. అందుకు కావలసిన, సెల్యులోజును విరిచే ఎంజైములు దాని దగ్గర సిద్ధంగా ఉంటాయి. వరిగడ్డినీ, చెరకుపిప్పినీ ఇథనాలుగా మార్చడంలో ఖర్చంతా పీచును చక్కెరగా విరిచే దగ్గరే ఉంది. బూజును డీజిలు అడగడం కంటే దాని సహజవృత్తిలో సాయం అడగడం మేలు.

నెరవేరిన ఆశ, మిగిలిన ప్రశ్న

ఔషధరంగంలో ఎండోఫైట్లు వట్టి చేతులతో నిలబడలేదు. 2000లో స్పెయిన్‌లోని మెర్క్ సంస్థ పరిశోధకులు జూనిపర్ ఆకులలోని హార్మోనీమా అనే శిలీంధ్రంనుంచి ఎన్ఫ్యుమాఫంజిన్ అనే పదార్థాన్ని వెలికితీశారు. దానిని రసాయనికంగా మార్చి రూపొందించిన ఐబ్రెక్సాఫంజెర్ప్‌కు 2021 జూన్‌లో అమెరికాలో శిలీంధ్ర వ్యాధుల మందుగా అనుమతి లభించింది. కాశీ హిందూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో వేపవేళ్ళలోని శిలీంధ్రంనుంచి జావానిసిన్ అనే బాక్టీరియా నిరోధకాన్ని చూపారు. ఈ రెండు ఉదాహరణల్లోనూ పదార్థం శిలీంధ్రపు సొంత ఆస్తి, చెట్టు చేసే మందుకు నకలు కాదు. చెట్టు పనిని అతిథిచేత చేయించబోయినచోట నిరాశ ఎదురైంది. అతిథి స్వయంగా ఏం చేస్తుందో చూసినచోట ఫలం దక్కింది.

మిగిలినది యాజమాన్యపు ప్రశ్న. ఆకులోని జీవి ఎవరిది? భారతదేశపు 2002 నాటి జీవవైవిధ్య చట్టం మొక్కలతోపాటు సూక్ష్మజీవులను కూడా జీవవనరులుగా గుర్తించింది. పరిశోధనకోసం వాటిని తీసుకోవాలంటే విదేశీయులే కాదు, ప్రవాస భారతీయులు కూడా చెన్నైలోని జాతీయ ప్రాధికార సంస్థ అనుమతి ముందుగా పొందాలి. ఊరినుంచి తెచ్చుకున్న వేపకొమ్మతో ప్రయోగం చేద్దామనుకునే మనవాళ్ళు గుర్తుంచుకోవలసిన విషయమిది. 2010నాటి నగోయా ఒప్పందం ఇదే సూత్రాన్ని అంతర్జాతీయ స్థాయికి తీసుకువెళ్ళింది.

కాని చట్టం పరిధిలోకి రాని నష్టం మరొకటి ఉంది. నరక్య చెట్టు ఒకచోట అంతరిస్తే, ఆ చెట్టుతోపాటు ఆ చోటులో దానితో కలిసి బతికిన శిలీంధ్రాలూ పోతాయి. విత్తనం దాచిపెట్టినా, శిలీంధ్రాన్ని గడ్డకట్టించి భద్రపరచినా, ఆ రెండూ కలిసి చేసిన పనిని వేరువేరుగా దాచలేమని కాంప్టోథెసిన్ కథ చెబుతోంది. జాడీ వచ్చింది కదా, అడవి లేకపోయినా ఫరవాలేదన్న ధీమాకు ఈ చరిత్రలో ఆధారం దొరకదు.